గొంతు పోయినప్పుడు గుసగుసలాడకండి

వైరల్ జ్వరం తగ్గిపోతుంది, గొంతు మాత్రం బొంగురుగానే ఉండిపోతుంది. అప్పుడు మొదలవుతుంది హడావుడి. యాంటీబయాటిక్ కోర్సు, రోజుకు నాలుగుసార్లు పుక్కిలింత, చప్పరించే బిళ్లలు. పైగా ‘గట్టిగా మాట్లాడకు, గుసగుసగా చెప్పు’ అని ఇంటిల్లిపాదీ సలహా. ఆ సలహాతోనే నా పేచీ.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడండి. స్వరతంత్రులు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవుండే రెండు మెత్తటి మడతలు. మాట్లాడేటప్పుడు మగవాళ్లలో సెకనుకు సుమారు 100-120 సార్లు, ఆడవాళ్లలో 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. ఆరోగ్యంగా ఉంటే ముత్యంలా తెల్లగా ఉంటాయి. వైరస్ సోకితే ఎర్రబడి ఉబ్బుతాయి, మధ్యలో జిగట కఫం దారాల్లా సాగుతూ కనిపిస్తుంది. ఉబ్బి బరువెక్కాయి కాబట్టి గొంతు బండగా మారుతుంది. అంచులు సరిగ్గా కలవవు కాబట్టి గాలి లీకవుతుంది, మాట మధ్యలో తెగిపోతుంది. అప్పుడు మనం చేసే తప్పు, ఇంకా బలంగా నెట్టడం. మెడ కండరాలు బిగుస్తాయి, తంత్రుల పైనున్న మడతలు కూడా వచ్చి నొక్కేస్తాయి. వాపు తగ్గాక కూడా ఆ బిగింపు అలవాటుగా మిగిలిపోవచ్చు. జలుబు పోయి నెలలైనా గొంతు రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

గుసగుసలోనూ చాలామంది ఇలాగే బిగిస్తారు. 2006లో వచ్చిన ఒక పరిశీలనలో 100 మంది గొంతులోకి కెమెరా పెట్టి చూస్తే, 69 మందికి గుసగుసలాడేటప్పుడు తంత్రుల పైభాగం మరింత బిగుసుకుంది. కాబట్టి మాట్లాడక తప్పకపోతే మామూలు స్వరంతోనే, చెయ్యి చాచినంత దూరంలో ఉన్నవాళ్లకు వినపడేంత నెమ్మదిగా మాట్లాడండి. మిగతాది రాసి చూపించండి. గొంతు పూర్తిగా పోయిందా? రెండు మూడు రోజులు మౌనమే మందు.

పుక్కిలించిన నీళ్లు స్వరతంత్రులను తాకవు. తాకితే పొలమారుతుంది! గొంతునొప్పికి అది హాయినిస్తుంది, అంతే. తాగిన నీళ్లూ నేరుగా చేరవు, ఒంట్లోకి ఇంకి రక్తం ద్వారా చేరాలి. అందుకే ఒకేసారి చెంబెడు తాగడం కాదు, రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. ఆవిరి పైపైన తేమనిస్తుంది గానీ వైరస్‌ను చంపదు. మరిగే గిన్నె మీద వంగి కాల్చుకోకండి, ముఖ్యంగా పిల్లల్ని అసలు కూర్చోబెట్టకండి. ముక్కు కారకుండా వేసుకునే కొన్ని మాత్రలు కఫాన్ని ఇంకా చిక్కబరుస్తాయి. తిమ్మిరెక్కించే బిళ్లలు నొప్పిని దాచేస్తాయి, దాంతో ఎక్కువ మాట్లాడేస్తాం.

ఇక ‘ఖర్ర్’ మని గొంతు సవరించుకోవడం. వాచిన మడతలను ఒకదానితో ఒకటి రాపాడించడమే అది. దానికి బదులు ఒక గుక్క నీళ్లు మింగండి.

జ్వరం, గొంతులో మంట తగ్గాక స్ట్రా అభ్యాసం మొదలుపెట్టవచ్చు. సగం గ్లాసు నీళ్లలో సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పున్న స్ట్రాను 2 సెంటీమీటర్లు ముంచి, పెదాలు బిగించి, మెల్లగా ‘ఊ’ అంటూ బుడగలు తెప్పించండి. నీటి ఒత్తిడి వెనక్కి పనిచేసి తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా కాస్త ఎడంగా ఉంచుతుంది. బుడగలు ఒకే తీరుగా రావాలి. భళ్లున ఎగిసినా, శబ్దం ఆగి గాలి మాత్రమే వస్తున్నా ఎక్కువ నెడుతున్నట్టు. రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. నొప్పి పుడితే ఆపేయండి.

వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. బొంగురు గొంతుకు దాన్ని అలవాటుగా రాయొద్దని, స్వరపేటికను చూడకుండా స్టెరాయిడ్లు ఇవ్వొద్దని అమెరికాలోని ఈఎన్‌టీ వైద్యుల సంఘం (అమెరికన్ అకాడమీ ఆఫ్ ఓటోలారింగాలజీ) 2018 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అయినా ‘రేపు కచేరీ ఉంది, ఏదో ఒకటి ఇవ్వండి’ అని అడిగేవాళ్లున్నారు. వాచిన తంత్రులతో గట్టిగా పాడితే లోపలి సన్నని రక్తనాళం చిట్లవచ్చు. పాడుతూనో అరుస్తూనో ఉండగా గొంతు ఠక్కున పోతే ఆ క్షణమే నోరు మూసి, ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లాలి.

మామూలు వాపు ఒకటి రెండు వారాల్లో దారికొస్తుంది. 4 వారాలైనా రాకపోతే లారింగోస్కోపీతో, అంటే స్వరపేటికను నేరుగా చూసే పరీక్షతో, చూడాల్సిందే. పొగతాగేవాళ్లు, మెడలో గడ్డ ఉన్నవాళ్లు, ఈమధ్య మెడ, ఛాతీ ఆపరేషన్ అయినవాళ్లు, వెంటిలేటర్ గొట్టం వేయించుకున్నవాళ్లు అన్నాళ్లు కూడా ఆగకూడదు. గాలి కలిసిన బలహీన స్వరం, నాలుగు మాటలకే ఆయాసం, నీళ్లు తాగితే పొలమారడం ఉంటే ఒకవైపు తంత్రి కదలడం లేదేమో చూడాలి. వైరస్ ఒక్కోసారి నరాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఊపిరి పీలిస్తే కూత వచ్చినా, ఉమ్మి మింగలేక చొంగ కారుతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, నేరుగా ఎమర్జెన్సీకే.