సవరణ: దుబ్రోవ్నిక్ క్వారంటైన్ 40 రోజులు కాదు, 30

క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ గురించి మునుపటి పోస్టులో, "1377లో ఈ ఊరు లాజరెతి భవనాల్లో 40 రోజుల క్వారంటైన్ మొదలుపెట్టింది" అని రాశాం (లాజరెతి అంటే బయటినుంచి వచ్చినవాళ్లను విడిగా ఉంచే భవనాలు). అందులో సంవత్సరం ఒక్కటే సరైనది.

1377 జూలై 27న నగర మండలి (అప్పట్లో ఊరి పేరు రగూసా) విధించిన గడువు 30 రోజులు. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చినవాళ్లు ఊళ్లో అడుగుపెట్టే ముందు మ్ర్కాన్ అనే చిన్న దీవిలోనో, పక్కనున్న త్సావ్‌తాత్ పట్టణంలోనో నెల రోజులు ఆగాలి. ఊరివాళ్లెవరైనా వాళ్లను చూడ్డానికి వెళ్తే, వాళ్లూ అక్కడే నెల ఉండాల్సిందే. అసలు కిటుకు ఇదే: జబ్బు పైకి కనిపించేదాకా ఆగకుండా, వచ్చిన చోటును బట్టే ఆపేశారు. వ్యాపారం మీద బతికే రేవుపట్టణానికి ద్వారాలు పూర్తిగా మూసుకునే వీల్లేదు మరి.

40 రోజుల లెక్క తర్వాతి కాలంలో స్థిరపడింది. "క్వారంటైన్" మాట పుట్టింది నలభైని చెప్పే ఇటాలియన్ పదం నుంచే కాబట్టి పొరపాటు తేలిగ్గా దొర్లుతుంది.

ఇక ప్లోచే ద్వారం బయట ఇప్పుడు కనిపించే లాజరెతి భవనాలు 17వ శతాబ్దంలో పూర్తయినవి. 1377లో అవి లేవు.

ఇంకొకటి: 1416లో ఇక్కడ నిషేధించింది బానిసల వ్యాపారాన్ని. అదే పోస్టులోని "బానిసత్వం రద్దయింది" అన్న మా వాక్యాన్ని తీసేశాం.