టీవీ అడుగున పరిగెత్తే స్క్రోలింగ్ గారికి ఓ రిటైర్డ్ హవల్దార్ రాయునది

అయ్యా స్క్రోలింగ్ గారూ, జై హింద్.

మొన్న సోమవారం కలెక్టరేట్ దగ్గర మా మాజీ సైనికుల ధర్నాకి మీ ఛానెల్ నుంచి ఓ కుర్రాడు, కెమెరా పట్టుకుని ఇంకో కుర్రాడు దయచేశారు. ముందు పన్నెండింటికి లైవ్ అన్నారు, తర్వాత ఒంటిగంట బులెటిన్ అన్నారు, ఆ తర్వాత "ప్యాకేజీ చేస్తున్నాం సర్, సాయంత్రం ఏడింటికి పక్కా" అన్నారు. ఎనభై దాటిన మా సుబేదార్ సాబ్‌ని కుర్చీలోంచి లేపి ఎండలో నిలబెట్టి "మెడల్స్ కొంచెం ఇటు తిప్పండి సర్, మెరవట్లేదు", "ఒక్కసారి సెల్యూట్ కొట్టండి సర్" అన్నారు. ఎవరికి కొట్టాలి బాబూ అని ఆయన అడిగితే "కెమెరాకే సర్" అన్నాడు. ఆయన కొట్టాడు కూడా, పాతికేళ్ళ అలవాటు మరి. పోతూ పోతూ ఆ కుర్రాడు నా చెవిలో "అంకుల్, కాంటీన్ కార్డు మీద ఒక బాటిల్ దొరుకుద్దా" అని కూడా అడిగాడు, అది వేరే సంగతి, దాని మీద ఇంకో ఉత్తరం రాస్తాను.

సాయంత్రం ఏడింటి నుంచి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నాం, పక్కింటివాళ్ళని కూడా పిలిచింది మా ఆవిడ. ఎవరో హీరోయిన్ విడాకులు అయ్యాయి, ఓ ఎమ్మెల్యే తిట్లు అయ్యాయి, ఆ తిట్లకి ఇంకో ఎమ్మెల్యే తిట్లు అయ్యాయి, తొమ్మిదిన్నరకి అడుగు నుంచి తమరు వచ్చారు. "మాజీ సైనికుల ధర్నా.. కలెక్టరేట్ రోడ్డులో ట్రాఫిక్‌కు తీవ్ర అంతరాయం.. వాహనదారుల ఇబ్బందులు". అంతే, వెనకాలే బంగారం రేటు.

అయ్యా, మేం కూర్చుంది కాంపౌండ్ పక్కన వేపచెట్టు కింద, పోలీసు పర్మిషన్ కాగితం జేబులో పెట్టుకుని. రోడ్డుకి అడ్డంగా ఉన్నది ఏదైనా ఉంటే అది మీ వ్యానే.

అయినా మీతో గొడవ పడటానికి నేనెవర్ని? మీరు పెద్దలు, ఇరవైనాలుగు గంటలూ పరిగెత్తేవాళ్ళు, మా రెజిమెంట్‌లో కూడా ఇంత స్టామినా ఉన్నవాడిని చూళ్ళేదు. నాకున్నది ఒక్కటే మనవి. మా గొడవ మొత్తం లెక్కల గొడవండీ. జెండాల గొడవ కాదు, మీసాల గొడవ కాదు, దేశభక్తి ఎవడికెక్కువ అన్న గొడవ కాదు. ఇన్నేళ్ళుగా మీరు మా గురించి ఏమేమి పరిగెత్తించారో అన్నీ గుర్తున్నాయి, అందులో ఆ లెక్క మాత్రం ఒక్కసారి కూడా లేదు.

ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు, ఒకే పెన్షన్. ఓఆర్ఓపీ అంటే ఇదే, ఇదేం బ్రహ్మవిద్య కాదు. సివిల్ ఉద్యోగి అరవై ఏళ్ళదాకా జీతం తీసుకుంటాడు, సిపాయిని ముప్ఫై అయిదుకో నలభైకో "థాంక్యూ" అని ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత పే కమిషన్ వచ్చినప్పుడల్లా కొత్తగా పెన్షన్ వచ్చినవాడికి ఎక్కువ, పాతవాడికి తక్కువ. మా పాత హవల్దార్ కంటే తర్వాత పెన్షన్ వచ్చిన సిపాయికి ఎక్కువ పడ్డ రోజులున్నాయి. దీన్ని సరిచెయ్యమని 2011లో రాజ్యసభ వాళ్ళ కోశ్యారీ కమిటీ చెప్పింది. 2013 సెప్టెంబర్ 15న హర్యానాలో రేవాడీ సభలో మోదీ గారు దీని మీద శ్వేతపత్రం ఇవ్వమని అప్పటి ప్రభుత్వాన్ని అడిగారు. 2014 ఫిబ్రవరిలో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం గారు 500 కోట్లు పక్కన పెట్టాం అన్నారు. అందరూ ఒప్పుకున్నారు, ఒప్పుకోనివాడే లేడు, అదే కదా వింత.

ఇక 2015 జూన్‌లో జంతర్ మంతర్ దగ్గర రిలే నిరాహార దీక్షలు మొదలయ్యాయి. ఢిల్లీ ఎండ, తర్వాత వాన, టెంట్ కింద మిలిటరీ టోపీలు పెట్టుకున్న ముసలాళ్ళు వరస తప్పకుండా కూర్చుంటే రెండు నెలలు తమరికి తీరిక దొరకలేదు. ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినోత్సవానికి ముందురోజు, సెక్యూరిటీ పేరు చెప్పి పోలీసులు వచ్చి వాళ్ళని లాగి పారేస్తే, చొక్కా చిరిగిన ముసలి సైనికుడు కెమెరాకి దొరికితే, అప్పుడు ఎర్ర పట్టీ, పెద్ద అక్షరాలు. చొక్కా చిరగాలన్నమాట, అది మాకు తెలీదు. తెలిస్తే మొన్న ఇంట్లోనే చింపుకుని వద్దుం కదా, ఆ కుర్రాడికి టైం కలిసొచ్చేది.

సెప్టెంబర్ 5న అప్పటి రక్షణ మంత్రి పరీకర్ గారు ప్రకటించారు. ఆ సాయంత్రం ఏ ఛానెల్ చూసినా ఓఆర్ఓపీ వచ్చేసింది, హామీ నెరవేరింది, స్వీట్లు. టెంట్‌లో ఉన్నవాళ్ళు ఇంకా ఎందుకు లేవట్లేదని యాంకరమ్మకి ఆశ్చర్యం. ఎందుకు లేవలేదంటే తల్లీ, మేం ఏటా సరిచెయ్యమన్నాం, వాళ్ళు అయిదేళ్ళకోసారి అన్నారు. అయిదేళ్ళకోసారి అంటే మధ్యలో ఒకే ర్యాంకుకి మళ్ళీ రెండు పెన్షన్లే కదా. 2013లో పెన్షన్ వచ్చినవాళ్ళలో ఎక్కువ తీసుకున్నవాడికీ తక్కువ తీసుకున్నవాడికీ మధ్య సగటు కట్టారు, మేం ఎక్కువదే లెక్క కావాలన్నాం. ఎరియర్స్ నాలుగు వాయిదాల్లో అన్నారు. ఈ మూడు ముక్కలు చెప్పటానికి నీకు ఎంతసేపు పడుతుంది? ఒక్క రౌండు. బంగారం రేటు గ్రాముతో సహా చెప్తావు కదా, 22 క్యారెట్లు వేరే, 24 క్యారెట్లు వేరే, వెండి కిలోకి ఎంతో కూడా చెప్తావు. మా లెక్క దగ్గరికొచ్చేసరికి నీకు జాగా చాలదు!

నవంబర్‌లో కొందరు మెడల్స్ తగలబెట్టబోతే మళ్ళీ వచ్చావు. అప్పుడు చర్చ ఏంటంటే మెడల్ తగలబెట్టటం దేశద్రోహమా కాదా. ఎనిమిది కిటికీల్లో ఎనిమిది మంది, అందులో ఇద్దరు రిటైర్డ్ జనరల్స్, వాళ్ళ మీసాలు చూసే పిలిచి ఉంటారు. అరిచారు, అరిచారు, బ్రేక్ వచ్చింది, సబ్బు యాడ్ వచ్చింది. మంట ఎందుకు అని ఒక్కడూ అడగలా. 2016 నవంబర్‌లో హర్యానా సుబేదార్ ఒకాయన ఢిల్లీలో ప్రాణం తీసుకున్నాడు. ఆ రెండు రోజులు నువ్వు పరిగెత్తించింది ఏ నాయకుడిని ఏ స్టేషన్‌కి తీసుకెళ్ళారు, ఎంతసేపు ఉంచారు, వదిలాక ఏమన్నాడు. చచ్చిపోయినవాడికి రావాల్సిన డబ్బుల లెక్కేంటో ఏ పట్టీలోనూ లేదు. సిగ్గుండాలి అంటే నీకెక్కడుంటుంది, నువ్వు ఉత్త పట్టీవి.

మన తెలుగాయన సంగతే తీసుకో. ఈ లోపాలు చూడమని కేంద్రం వేసిన ఏకసభ్య కమిషన్ జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి గారిదే, 2016 అక్టోబర్‌లో రిపోర్ట్ కూడా ఇచ్చారు. అప్పుడు తెలుగు ఛానెల్లో ఆయన పేరు నేనైతే చూళ్ళేదు. 2024లో తెలంగాణ కరెంటు కొనుగోళ్ళ విచారణకి, కేసీఆర్ గారికి నోటీసులకి మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా అదే పేరు తిప్పావు, నిద్దట్లో కూడా కనపడింది నాకు.

కోర్టు సంగతీ అంతే. 2022 మార్చి 16న సుప్రీంకోర్టు అయిదేళ్ళ పద్ధతి చెల్లుతుంది అంది. సరే, ఓడిపోయాం, కోర్టు మాట కోర్టు మాటే. కానీ అదే తీర్పులో 2019 జూలై 1 నుంచి రావాల్సిన సవరణ మూడు నెలల్లో ఇవ్వమంది కూడా. మూడు నెలలు ఏడాదైంది. 2023 మార్చి 20న సర్కారు సీల్డ్ కవర్ పట్టుకెళితే జస్టిస్ చంద్రచూడ్ గారు తీసుకోనన్నారు. నీకు ఆ కవరు దొరికింది, పండగ. 28,000 కోట్ల బకాయిలు, కుటుంబ పెన్షనర్లకి ఏప్రిల్ 30లోగా, డెబ్భై దాటినవాళ్ళకి జూన్ 30లోగా, మిగతావాళ్ళకి 2024 ఫిబ్రవరి ఆఖరుదాకా వాయిదాల్లో అని అదే రోజు ఆర్డర్ వచ్చింది. మా వీధిలో సైన్యంలో ఉన్న భర్తని పోగొట్టుకున్న ఓ వీర నారికి ఆ తేదీ నేను సైకిలేసుకుని వెళ్ళి చెప్పాను. రోజంతా టీవీ ముందే ఉంటుంది ఆవిడ!

యుద్ధం వస్తే మాత్రం నిన్ను పట్టలేం. 2025 మేలో టీవీల్లో సైరన్ మోతలు ఆపండి మహాప్రభో అని కేంద్రమే చెప్పాల్సి వచ్చింది. మా పెన్షన్లు చూసే స్పర్శ్ పోర్టల్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఎక్కక పెన్షన్ ఆగినవాడు కొట్టుకునే సైరన్ ఎవడికీ వినపడదు.

పోనీలెండి. మళ్ళీ మర్యాదలోకి వస్తాను, బీపీ మాత్ర వేసుకున్నాను.

మొన్న ధర్నాలో మేం అడిగింది మిలిటరీ సర్వీస్ పే గురించి, అంటే సైన్యంలో పడే కష్టానికి జీతంతో పాటు ఇచ్చే డబ్బు. ఆఫీసర్‌కి నెలకి 15,500, సుబేదార్ దగ్గర్నుంచి సిపాయిదాకా 5,200. కొండ మీద చలి ఇద్దరికీ ఒకటే, తూటా కూడా ర్యాంకు అడిగి రాదు, ఈ తేడా ఎందుకు అని అడిగాం. మీ కుర్రాడికి రెండు అంకెలూ కాగితం మీద రాసిచ్చాను, దాన్ని మడిచి మైకు కింద జారకుండా పెట్టుకున్నాడు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, నిన్న మీ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆగస్టు 15 పొద్దున్న "జై జవాన్" స్పెషల్ అట, నలుగురు వెటరన్స్ కావాలట, మెడల్స్ పెట్టుకుని రావాలట, వీలైతే కొంచెం ఎమోషనల్‌గా మాట్లాడేవాళ్ళయితే బాగుంటుందట. వస్తామండీ, సుబేదార్ సాబ్‌ని కూడా తీసుకొస్తాను. ఆయన మాట్లాడుతున్నంతసేపు అడుగున 15,500, 5,200 ఈ రెండు అంకెలు తిప్పుతామని మీ ఎడిటర్ గారి చేత రాసి పంపించండి. కుదరకపోతే ఆ పూట మా యూనిట్ వాళ్ళ భోజనాలున్నాయి, మాకు ఖాళీ లేదు.