క్లారా బ్రౌన్ పేరూ, మన అక్కయ్యల పేర్లూ

గత నెలలో జరిగిన మన డెన్వర్ తెలుగు సంఘ రజతోత్సవంలో జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం, పిల్లల కూచిపూడి అయ్యాక పన్నెండుమంది వ్యవస్థాపకులను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు. పన్నెండుమందీ పురుషులే. చివర్లో వ్యాఖ్యాత "వీరి వెనుక నిలిచిన శ్రీమతులందరూ ఒక్కసారి లేచి నిలబడండి" అన్నారు, చప్పట్లు మోగాయి. నా పక్కనున్న అక్కయ్య అంతకు కాస్త ముందే వేదిక ఎక్కి, మూడేళ్ళ క్రితం పోయిన భర్త తరఫున ఆయన జ్ఞాపిక అందుకుని వచ్చింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇప్పుడు తాను లేవాలో వద్దో తెలియక నా వైపు చూసింది.

మన మొదటి ఉగాదిని చూసినవారు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. డెన్వర్‌లో ఆ రోజు మంచు కురిసింది. చర్చి కింది అంతస్తులో అద్దెకు తీసుకున్న హాలుకు నూటనలభై మంది వస్తారని తెలిసిన అక్కయ్య, ముందు రోజు రాత్రే చింతపండు నానబెట్టి, ఐదిళ్ళకు బియ్యం పంచి, ఎవరు ఎన్ని గంటలకు పొయ్యి వెలిగించాలో నోటుపుస్తకంలో రాసి అందరికీ ఫోన్లు చేసింది. వేపపువ్వు ఇక్కడెక్కడ దొరుకుతుంది? గుంటూరు నుంచి వాళ్ళమ్మ ఎండబెట్టి పంపిన చిన్న పొట్లాన్నే ఆమె అందరి పచ్చడిలోకీ సరిపెట్టింది. నేను అప్పటికి ఈ దేశం వచ్చి నాలుగు నెలలు. డిపెండెంటు వీసా మీద, పగలంతా మాట్లాడే మనిషి లేని అపార్ట్‌మెంటులో ఉండేదాన్ని. ఆ పులిహోర కలపడానికి ఆమె నన్ను పిలిచిన పూటే నాకు ఈ ఊరు ఊరైంది.

రజతోత్సవం నుంచి ఇంటికి వచ్చిన రాత్రి నాకు కొలరాడో తొలినాళ్ళ నల్లజాతి స్త్రీ క్లారా బ్రౌన్ గుర్తుకు వచ్చింది. శరదృతువులో పసుపు రంగుకు మారిన ఆస్పెన్ చెట్లను చూడటానికి మనం వెళ్ళే పాత గనుల ఊరు సెంట్రల్ సిటీలోనే ఆమె బట్టలుతికి బతికింది. సుమారు 1800లో వర్జీనియాలో బానిసగా పుట్టిన ఆమె కుటుంబాన్ని 1835లో యజమాని చనిపోయాక వేలం వేశారు; భర్త ఒకవైపు, పిల్లలు తలా ఒకవైపు అమ్ముడుపోయారు. 1856లో విముక్తి దొరికింది. 1859లో, దాదాపు అరవయ్యేళ్ళ వయసులో, బంగారం కోసం పడమటికి పోయే బిడారులో వంటమనిషిగా కుదిరి, బండ్ల పక్కనే నడుస్తూ కొలరాడో చేరింది. గని కార్మికుల బట్టలు ఉతికి సుమారు 10,000 డాలర్లు కూడబెట్టిందంటారు. ఆమె ఇల్లే రోగులకు ఆసుపత్రి, ఆదివారం ప్రార్థనకు గుడి. అంతర్యుద్ధం ముగిశాక కూతురు ఎలైజా జేన్‌ను వెతుకుతూ కెంటకీకి వెళ్ళి, కూతురు కనబడకపోగా, అక్కడ స్వేచ్ఛ పొందిన ఇతరులను తన ఖర్చుతో కొలరాడోకు తెచ్చింది. కూతురి ఆచూకీ 1882లో అయోవాలోని కౌన్సిల్ బ్లఫ్స్‌లో దొరికింది. ఆ కలయికకు పట్టిన నలభైయేడు సంవత్సరాలను నేను ఎన్నిసార్లు లెక్కించుకున్నా మనసు ఆగదు.

ఆమె బానిసత్వంతో మన కష్టాలను పోల్చడం నా ఉద్దేశం కాదు, అది తప్పు కూడా. నన్ను కదిలించినది ఆమె పేరు సంగతి. ఊరంతా ఆమెను "ఆంట్ క్లారా" అనేది. అందులో ప్రేమ ఉంది, కానీ నల్లజాతి స్త్రీని "మిసెస్" అని గౌరవించడం ఇష్టంలేని ఆ కాలపు అలవాటూ ఉంది. బ్రౌన్ అన్నది ఆమెను కొన్నవాడి ఇంటిపేరు. అయినా కొలరాడో తొలి వలసదారుల సంఘం చివరి ఏళ్ళలో ఆమెను తన సభ్యురాలిగా చేర్చుకుంది, 1885లో ఆమె పోయినప్పుడు అంత్యక్రియలు గౌరవంగా జరిపించింది. ఇవాళ డెన్వర్‌లోని రాష్ట్ర శాసనభవనంలో రంగుటద్దాల కిటికీ మీద ఆమె రూపం ఉంది.

మన పన్నెండుమంది చేసినది చిన్నపని అని నేను అనను. సంఘాన్ని రిజిస్టరు చేయించడం, హాలు అద్దెకు తమ క్రెడిట్ కార్డులు ఇవ్వడం, ఉద్యోగాలు చేసుకుంటూనే అర్ధరాత్రి దాకా సమావేశాలు నడపడం నేను కళ్ళారా చూశాను. అక్కయ్య, వదిన, పిన్ని అని వరసపెట్టి పిలుచుకునే మన పద్ధతి మీద కూడా నాకు కోపం రావడం లేదు. రావాలనే అనుకుని ఈ వాక్యం మొదలుపెట్టాను, కానీ పరాయిదేశంలో నన్ను నిలబెట్టినది ఆ పిలుపే. అయితే పిలుపు ఇంట్లో చాలుతుంది, చరిత్రలో చాలదు. పాతికేళ్ళ తరువాత సంఘ చరిత్ర చదివే మన మనవరాళ్ళకు "శ్రీమతులు" అన్న ఒక్క మాటలో ఎవరు కనిపిస్తారు?

రజతోత్సవ ప్రత్యేక సంచిక ఇంకా అచ్చుకు వెళ్ళలేదని విన్నాను. కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను: వ్యవస్థాపకుల పుటల పక్కనే, మొదటి పదేళ్ళూ వంటశాలనూ, ఆదివారం తెలుగు బడినీ నడిపిన స్త్రీల సొంత పేర్లను, పుట్టింటి ఊళ్ళతో, చేసిన పనులతో సహా అచ్చువేయండి. పేర్లు సేకరించే పని నాకు అప్పగించండి. అక్కయ్య నోటుపుస్తకం, పసుపు మరకలతో సహా, ఇప్పటికీ ఆమె వంటింటి అలమారలోనే ఉంది. ఏ ఇంట్లో ఎన్ని కప్పుల బియ్యం వండారో, ఎవరు వండారో అందులో ఉంది.