కొండల మీది సైకిల్ ఛాలెంజ్ గారికి కోనసీమ నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ కొండల మీది సైకిల్ ఛాలెంజ్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. తమరూ క్షేమంగానే ఉండుంటారు, మోకాళ్ళు పోయేది తమరివి కాదు కదా.

మా ఊరు తమరికి తెలిసుండదు. ఇక్కడ తమరికి పని పడదు. గౌతమికీ వశిష్ఠకీ మధ్య, సముద్రమట్టానికి పది మీటర్లు కూడా లేని నేల మాది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసి కాలవలు వదిలితే, మోటార్లూ పంపులూ లేకుండా, కంటికి ఆనని వాలు పట్టుకుని నీళ్ళు చేలదాకా వాటంతటవే వచ్చాయి. (కాలవ చివరనున్న శివారు రైతులు ఈ వాక్యం చదివితే నన్ను ఊరుకోరు. అది వేరే గొడవ.) నీళ్ళే ఆయాసపడకుండా వచ్చే ఊళ్ళో పెరిగినవాళ్ళం. మాకు తెలిసిన ఎత్తల్లా ఏటిగట్టు, ఆ తర్వాత రావులపాలెం వంతెన. అలాంటి చోటికొచ్చి తమరు మా మేనల్లుణ్ణి ఎగరేసుకుపోయారు.

వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వీధి చివర పాల ప్యాకెట్‌కి కూడా బండి తీసే రకం. అలాంటివాడు మనాలి నుంచి లేహ్ మీదుగా లద్దాఖ్‌లోని ఖార్దుంగ్ లా (లా అంటే అక్కడ కనుమట) దాకా రోజుల తరబడి సైకిల్ తొక్కుతాడట. దానికి తమరికే ఎదురు డబ్బు కట్టాడట. మాకు తెలిసినంతలో సైకిల్ తొక్కినవాడికి ఎవరో ఒకరు డబ్బులివ్వాలి. పాలవాడికి, చేపలామెకి, కొబ్బరిబొండాలాయనకి మొన్నటిదాకా అదే లెక్క.

ప్రాక్టీసు అంటూ సైకిల్‌తో సహా ఇంటికొచ్చాడు. చూశాం. స్టాండు లేదు, క్యారేజీ లేదు, మడ్‌గార్డులు లేవు, బెల్లు లేదు. ఇన్ని పీకేశాక ధర తగ్గాలా, పెరగాలా? మా సెంటర్‌లో బొండాలు అమ్మే ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ముందు చక్రం వేలితో ఓసారి తిప్పి, "గెలలెక్కడ కట్టాలండీ?" అని అడిగాడు. కట్టేది కాదండీ, కొండెక్కేది, అని మావాడు మొదలెట్టాడు. బారాలాచా లా అన్నాడు, తంగ్లాంగ్ లా అన్నాడు, 17,000 అడుగుల పైమాటే అన్నాడు. ఆయన కత్తి పక్కన పెట్టి అంతా శ్రద్ధగా విన్నాడు.

"పైన ఏవన్నా పనుందాండీ?"

"లేదండీ. ఫొటో దిగి వెనక్కొచ్చేస్తాం."

"ఆయ్," అని బొండాం కొట్టి చేతికిచ్చాడు.

ఆ ప్రశ్నకి తమరి దగ్గర జవాబుంటే తిరుగుటపాలో రాయండి. డబ్బు కట్టినవాడి దగ్గరైతే లేదు.

మర్నాడు ఇంకో వినోదం. పెడల్‌కి అతుక్కునే బూట్లు వేసుకుని బయల్దేరాడు. సెంటర్‌లో గేదె అడ్డొచ్చింది, బ్రేకు వేశాడు. సైకిల్ ఆగింది. మడమ పక్కకి తిప్పితే బూటు ఊడుతుందన్న సంగతి వాడికి గుర్తొచ్చేలోపు, సైకిల్‌తో పాటు అలాగే పక్కకి ఒరిగి, మిఠాయి కొట్టు ముందు పడుకున్నాడు. గేదె ఓసారి చూసి దాని దారిన అది పోయింది. నలుగురొచ్చి లేపబోతే ముందు కాలు రాదు. దెబ్బేం తగల్లేదు కానీ, వెనక మెత్త కుట్టిన ఆ బిగుతు చెడ్డీ గురించి ఊరంతటికీ తెలిసిపోయింది.

తమరి వంశచరిత్ర కూడా తీశాన్లెండి. 1903లో ఫ్రాన్స్‌లో ఒక పత్రిక కాపీలు అమ్ముకోవడానికి టూర్ డి ఫ్రాన్స్ అనే రేసు పెట్టింది. చాలక, 1910లో రేసర్లని పిరనీస్ కొండలెక్కించింది. మట్టిరోడ్లు, ఇనప సైకిళ్ళు. లాపీజ్ అనే ఆయన ఆ కొండల్లో నిర్వాహకుల మొహం మీదే "హంతకులు" అని తిట్టాడట. తిట్టి ఊరుకున్నాడా, చివరికి ఆ ఏడు రేసు ఆయనే గెలిచాడు. అక్కడ అలుసైపోయింది తమరికి. ఎంత ఏడిపించినా తొక్కుతారని తెలిసిపోయింది. తొక్కుతూ గేర్లు మార్చుకునే ఏర్పాటుని 1937 దాకా ఆ రేసులోకి రానివ్వలేదంటే, జనం సుఖపడితే తమరికెంత కంటగింపో తెలుస్తూనే ఉంది.

ఇక ఎత్తు సంగతి. ఖార్దుంగ్ లా మీద 18,380 అడుగులని, లోకంలో వాహనాలు వెళ్ళే రోడ్లన్నిటికన్నా ఇదే ఎత్తని ఏళ్ళ తరబడి బోర్డుండేది. తీరా కొలిస్తే 17,582. అంటే 800 అడుగుల దాకా పెయింటరే ఎక్కించేశాడు, తొక్కే పని లేకుండా! దాన్ని మించిన ఉమ్లింగ్ లా రోడ్డు కూడా ఆ లద్దాఖ్‌లోనే వచ్చేసింది, 19,024 అడుగులు. మావాడికి ఈ మాట ఇంకా చెప్పలేదు. చెబితే దానికీ డబ్బు కడతాడు.

అంత ఎత్తున గాలి వత్తిడి ఇక్కడితో పోలిస్తే సగమేనట. గుండెల నిండా పీల్చినా దక్కే ఆక్సిజన్ సగం. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం. అందుకని ఒళ్ళు అలవాటుపడే దాకా మధ్యమధ్యలో ఏ పనీ చెయ్యకుండా కూర్చోవాలి. ఆ కూర్చోవడం కూడా ప్యాకేజీలో భాగమేనని విని మా అరుగు మీద బ్యాచ్ చాలా బాధపడింది. ఇన్నాళ్ళూ ఫ్రీగా కూర్చున్నందుకు.

కోపం లేకుండా ఒక్క మాట. కొండకి ఎంతైనా నీతి ఉంది. ఎక్కినంతా దిగుడిస్తుంది. మనాలి-లేహ్ దారిలో గాటా లూప్స్ అనే 21 మలుపులూ ఏడుస్తూ ఎక్కినవాడు ఎప్పుడో ఒకప్పుడు పెడల్ తొక్కకుండా జారతాడు. మా ఎదురుగాలికి ఆ నీతి లేదు. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక పైరగాలి లేస్తుంది. అరుగు మీదున్నవాడికి అది హాయి. సముద్రం వైపు సైకిల్ తొక్కేవాడు మాత్రం సీటు మీంచి లేచి తొక్కినా అంగుళం అంగుళం జరగాల్సిందే. ఎంత తొక్కినా దిగుడు రాదు. దానికెవరూ బోర్డు పెట్టలేదు, ఫొటో దిగలేదు.

తమరి చుట్టం ఎవరెస్టింగ్ గారని ఒకాయన ఉన్నారట. ఒకే గుట్టని ఎక్కి దిగి, ఎక్కి దిగి, మొత్తం ఎక్కుడు 8,848 మీటర్లు చెయ్యాలట. రావులపాలెం వంతెనకి పది మీటర్ల ఎక్కుడుందనుకున్నా 885 సార్లు. మావాడు కాలిక్యులేటర్ కూడా తీశాడు. లారీ డ్రైవర్లు ఏమంటారో అని ఆగాడు.

కాబట్టి మాదీ ఒక ఛాలెంజ్. వచ్చే మే నెలలో, రోహిణి కార్తెలో, తమరే స్వయంగా రండి. అంబాజీపేటలో బయల్దేరి రాజోలు, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. మధ్యాహ్నం రెండింటికి స్టార్ట్. సైకిల్ మేమిస్తాం, గేర్లుండవు. హ్యాండిల్‌కి రెండు గెలలు, క్యారేజీకి నాలుగు. ఒక్క బొండాం రాలినా డబ్బులు తమరి దగ్గరే వసూలు చేస్తాం. వెనక వ్యాన్ రాదు. దారిలో చప్పరించే ఎనర్జీ జెల్ ప్యాకెట్లు చెల్లవు, పొద్దున్నే అంబాజీపేట పొట్టిక్కలు (పనసాకుల్లో ఉడికించే ఇడ్లీలు) తిని బయల్దేరాలి. టీషర్టు, మెడల్ లాంటివేం లేవు. అంతర్వేదిలో బొండాలు అమ్ముడుపోతే ఆ డబ్బులు తమరివే. సాయంత్రం నర్సాపురం వైపు పోవాలంటే సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాలి, టికెట్ ఎవరిది వాళ్ళే తీసుకోవాలి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మేనమామ

తా.క.: మావాడి సామాను తమరి వ్యాన్‌లోనే వస్తుందన్నారు. అందులో వాళ్ళమ్మ పెట్టిన తాపేశ్వరం కాజాల డబ్బా ఉంది. బారాలాచా దాకా డ్రైవరు గారు దాని మూత తియ్యకుండా చూడగలరు.