18 డిగ్రీల పరిపాలన

విజయవాడ ఎండ గురించి జోస్యం చెప్పడానికి కంప్యూటర్ అక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. అయినా ఏ భవనం ఏ గంటకు ఎంత కరెంటు కాలుస్తుందో పాత లెక్కల నుంచి కంప్యూటరే నేర్చుకుని ముందే చెప్పే మెషీన్ లెర్నింగ్ విద్య మన బెంజి సర్కిల్ దాకా రావడం హర్షించదగ్గ పరిణామం.

విద్య గొప్పదే, సందేహం లేదు. బయటి ఉష్ణోగ్రత, గాలిలో తేమ, వారం, వేళ, సెలవులు, పాత మీటరు రీడింగులు ఇస్తే రేపటి వాడకం చెబుతుంది. 2016లో గూగుల్ వారి కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ ఈ విద్యతోనే గూగుల్ డేటా సెంటర్లను చల్లబరిచే కరెంటును 40 శాతం దాకా తగ్గించింది. కాకపోతే అక్కడ ఉండేవి సర్వర్లనే కంప్యూటర్లు. వాటికి హోదా ఉండదు.

మన నగరంలో ఒక కార్యాలయాన్ని ఊహించుకుందాం. పేరెందుకు, ఏది అనుకున్నా సరిపోతుంది. పెద్దసారు గది ఏసీ ఉదయం పదింటికే 18 డిగ్రీల మీద నడుస్తుందని, సారు పదకొండున్నరకు వస్తారని యంత్రం ఇట్టే పసిగట్టింది. వచ్చాక సారుకు చలి వేస్తుంది. సన్మానాల్లో కప్పిన శాలువాలు బీరువా నిండా ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. అంచనా అక్షరాలా నిజమైందని అందరూ మెచ్చుకున్నారు. ఆ గంటన్నర ఏసీ ఆపవచ్చని అదే యంత్రం సలహా ఇచ్చేసరికి దాన్ని పరిశీలించడానికి కమిటీ వేశారు. కమిటీ సోమవారాల్లో నాలుగు ఏసీల సమావేశ మందిరంలో కూర్చుంటుంది. నెల తిరగకుండానే సోమవారాల్లో వాడకం పెరుగుతుందని యంత్రం నేర్చేసుకుంది.

చట్టాన్ని మనం గౌరవించడం లేదనకండి. స్టార్ ముద్ర ఉన్న గది ఏసీలు 24 డిగ్రీలతోనే మొదలుకావాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. మన ఏసీలన్నీ 24తోనే మొదలవుతున్నాయి. రిమోటు దొరికేవరకు అక్కడే ఉంటున్నాయి కూడా.

నిపుణులకు ఒక్క విన్నపం. 2019లో ఆష్రే అనే ఇంజినీర్ల సంఘం 1,448 భవనాల రీడింగులతో అంచనాల పోటీ పెడితే, నెగ్గినవాళ్లు కూడా ముందుగా చెడిన రీడింగులను ఏరేయవలసి వచ్చింది. వారాల తరబడి సున్నా కనబడితే మీటరు పాడైందని అనుమానించడం వారి ధర్మం. మన కల్యాణ మండపాల దగ్గర ఆ ధర్మం పనిచేయదు. అక్కడ సున్నా అంటే మూఢం. యంత్రానికి పంచాంగం ఇవ్వకపోతే బాగున్న మీటర్లన్నీ రిపేరుకు వెళతాయి. పంచాంగంతో పాటు దానికిచ్చే లెక్కల పట్టికలో హోదాకు ఒక వరుస, శాలువాలకు ఒక వరుస కేటాయించాలి.

పెద్దసారు బదిలీ అయితే వాడకం తగ్గుతుందా అని కమిటీ ఆశగా అడిగింది. తగ్గదని యంత్రం చెప్పింది. కొత్త సారుకు ఆ వారమే సన్మానం ఉందట.