ఫారంలో లేని గడి

వినాయక చవితి సాయంత్రం అడిలైడ్‌లోని మన తెలుగువాళ్ళ హాల్లో జరిగింది మీలో చాలామంది చూశారు. బాలప్రతిభ సన్మానాలు. అరంగేట్రం చేసిన అమ్మాయిలు, గణితం పోటీలో నెగ్గినవాళ్ళు, వీణ పరీక్ష పాసైన ఒక బుడతడు, వరసగా ఎక్కి శాలువాలు కప్పించుకున్నారు. మూడో వరసలో మోకాలికి బ్రేస్ కట్టుకుని, క్రచెస్ కుర్చీకి ఆనించి కూర్చున్న అమ్మాయిని మాత్రం ఎవరూ పిలవలేదు. ఆ పిల్ల తన ఫుటీ (ఆస్ట్రేలియా వాళ్ళ ఫుట్‌బాల్) జట్టుకు కెప్టెన్. వాళ్ళమ్మ ఫారం నింపి పంపితే "ఆ కేటగిరీ మనకు లేదండీ" అని జవాబొచ్చిందట.

అది పోనీ. ప్రసాదం క్యూలో ఒక పెద్దావిడ ఆ బ్రేస్ వంక చూసి, "అయ్యో, ఆడపిల్ల కాలు! రేపు పీటల మీద ఎలా కూర్చుంటావే తల్లీ?" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆవిడ చేతి పులిహోర తిని పెరిగిన పిల్లలే మనవాళ్ళంతా. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ అమ్మాయికి తెగింది ఏసీఎల్, మోకాలి లోపలి ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్. ఆ మాట వింటే నాకు 2019 మార్చి 31 గుర్తొస్తుంది. ఆదివారం. ఉగాదికి ఇంకా ఆరు రోజులే. కోలాటం రిహార్సల్ ఎగ్గొట్టి మా అమ్మాయిని అడిలైడ్ ఓవల్‌కు తీసుకెళ్ళాను. (టీచరమ్మకు జ్వరమని చెప్పాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, క్షమించండి.) దానికప్పుడు ఎనిమిదేళ్ళు, చిన్నపిల్లలకు ఫుటీ నేర్పే ఆస్కిక్‌లో అప్పుడప్పుడే బంతి తన్నడం నేర్చుకుంటోంది. డబ్బాలో పెరుగన్నం, మాగాయ. నాలుగొందల మంది వస్తే హాలు నిండిందని మురిసిపోయే ప్రాణం నాది. ఆ రోజు ఆడవాళ్ళ ఫుటీ లీగ్ గ్రాండ్ ఫైనల్ చూడడానికి వచ్చింది 53,034 మంది.

మూడో క్వార్టర్‌లో మన అడిలైడ్ జట్టు ఆటగత్తె ఎరిన్ ఫిలిప్స్ ఉన్నట్టుండి కూలబడింది. ఎడమ మోకాలు, అదే ఏసీఎల్. ఆమెను మైదానం నుంచి తీసుకెళ్తుంటే స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. మా పిల్ల నా కొంగు లాగి, "అమ్మా, ఆంటీ పడిపోతే ఎందుకు చప్పట్లు కొడుతున్నారు?" అంది. నాకు చెప్పడం రాలేదు. మెల్‌బోర్న్ జట్టు కార్ల్టన్ మీద అడిలైడ్ 45 పాయింట్ల తేడాతో గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఉత్తమ క్రీడాకారిణి పతకమూ ఎరిన్‌కే.

ఆమె తండ్రి గ్రెగ్ ఈ ఊరి ఇంకో జట్టు పోర్ట్ అడిలైడ్‌కు ఆడి ఎనిమిది ప్రీమియర్‌షిప్‌లు గెలిచినవాడు. కూతురు పదమూడేళ్ళ దాకా మగపిల్లలతో కలిసి ఆడింది. ఆ తర్వాత రూలు ఒప్పుకోలేదు. చేసేది లేక బాస్కెట్‌బాల్‌కు మళ్ళి, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చింది. అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 2012లో, 2014లో టైటిళ్ళు గెలిచింది. 2017లో ఆడవాళ్ళ లీగ్ మొదలయ్యే నాటికి ఆమెకు 31 ఏళ్ళు, ఇంట్లో నెలల కవలలు. ఆ తొలి సీజన్‌లోనే కప్పు, లీగ్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు. అప్పటికి పోర్ట్‌కు మహిళల జట్టు లేదు కాబట్టి ఆ ఇంటి పిల్ల పోర్ట్‌కు బద్ధ ప్రత్యర్థి అయిన క్రోస్ (అదే అడిలైడ్ జట్టు) చొక్కా వేసుకుంది. అదెంత మాటో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అవార్డు రాత్రి ఆమె తన భార్య ట్రేసీని ముద్దు పెట్టుకున్న ఫోటో గురించి మన వాట్సాప్‌లలో ఎన్ని మాటలో! ఆట గురించి ఒక్కరూ ఒక్క ముక్క అనలేదు. మోకాలు బాగయ్యాక 2022లో, 36 ఏళ్ళప్పుడు, మూడో కప్పు. అదే ఏడాది పోర్ట్ జట్టు పెడితే తొలి కెప్టెన్ ఆమే.

ఎరిన్‌ను పదమూడేళ్ళకు ఆపింది రూలు. మన పిల్లలకు ఆ రూలు లేదు, జట్లున్నాయి, మైదానాలున్నాయి. ఓణీల ఫంక్షన్ చేస్తాం, డ్రోన్‌తో ఫోటోలు తీయిస్తాం, ఆ వారంలోనే బూట్లు గ్యారేజీలోకి పోతాయి. మా ఇంట్లో పోయాయి. మ్యాథ్స్ ట్యూషన్ ఉందని చెప్పి నేనే మాన్పించాను. ట్యూషన్ బుధవారం, ప్రాక్టీస్ మంగళవారం. మా అమ్మాయి ఆ సంగతి అప్పుడే గ్రహించింది. ఏమీ అనలేదు. తెనాలిలో నన్ను ఖోఖో మాన్పించింది మా నాయనమ్మ. ఆవిడకు తెలిసిన లోకం అంతే, ఇప్పటికీ నాకు ఆవిడ మీద కోపం లేదు. నాకు ఆ సాకు లేదు.

భయం ఉత్తదే అనను. ఏసీఎల్ గాయాలు ఆడవాళ్ళకే ఎక్కువ. 2017లో ఎరిన్‌తో ఆడిన హెదర్ ఆండర్సన్ 28 ఏళ్ళకే చనిపోయింది. తలకు పదే పదే తగిలే దెబ్బలతో వచ్చే సీటీఈ ఆమె మెదడులో ఉన్నట్టు తర్వాత తేలింది. ఆ వార్త చదివిన రాత్రి నేనూ నిద్రపోలేదు. కానీ నిజం చెప్పండి, మనం పిల్లల్ని మాన్పించేటప్పుడు మెదడు మాట ఎత్తామా? "నల్లబడిపోతావే" అన్నాం.

2000లో ఇదే దేశంలో, సిడ్నీ ఒలింపిక్స్‌లో, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఆమె పేరు మన స్టేజీ మీద ఎన్నిసార్లు వినలేదు! ఆమె చిన్నప్పుడు బరువులు మోస్తుంటే మన ప్రసాదం క్యూలో ఏమనేవాళ్ళమో.

కార్యవర్గం వారికి నా మనవి ఒక్కటే. ఉగాది ఫారంలో ఆటలకు ఒక గడి పెట్టండి, ఏ ఆటో అడగకండి. శాలువా ఖర్చు నాది. ఆ అమ్మాయికి ఆపరేషన్ వచ్చే నెల. ఉగాదికి క్రచెస్ ఉండవంటున్నారు, కానీ మన స్టేజీ మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. ఎవరైనా ఒక చెయ్యి ఇవ్వండి. మా అమ్మాయి తనిస్తానంది.