వేణ్ణీళ్ళ బకాయి

మా మేనల్లుడు న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లో ఉంటాడు. మొన్న ఆదివారం ఫోన్ చేసి మాటల మధ్యలో, "మామయ్యా, ఇక్కడ మా గీజరు స్విచ్ మా చేతిలో ఉండదు, కరెంటు కంపెనీవాళ్ళ చేతిలో ఉంటుంది" అన్నాడు. నా గుండె కలుక్కుమంది. ఇంటర్లో అన్ని మార్కులు తెచ్చుకుని, అన్ని లక్షలు అప్పు చేసి వెళ్ళి, చివరికి ఒంటిమీద చెంబెడు వేణ్ణీళ్ళు పోసుకోవడానికి కూడా ఇంకొకడి దయ కావాల్సి వచ్చిందా అని. "మరి వాళ్ళు ఆపేస్తే ఎలారా?" అన్నాను. "ఆపేస్తారు మామయ్యా. అందుకే కదా యూనిట్ రేటు తగ్గించి ఇచ్చేది" అన్నాడు.

ఆ ముక్క విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. కరెంటు ఆపినందుకు డబ్బు తగ్గిస్తారట!

బాధ్యత గల పౌరుడిగా విషయం కూలంకషంగా పరిశీలించాను. అక్కడి ఇళ్ళలో 135, 180 లీటర్ల సిలిండర్లుంటాయి. నీళ్ళు ఒకసారి కాగితే గంటల తరబడి వేడిగానే ఉంటాయి. చలికాలం సాయంత్రం జనమంతా ఇళ్ళకు చేరి హీటర్లు, కరెంటు పొయ్యిలు వేసే వేళకు కంపెనీవాళ్ళు ఆ తీగల్లోంచే ఒక సంకేతం పంపుతారు. దీన్ని రిపుల్ కంట్రోల్ అంటారు, 1950ల నుంచీ నడుస్తోంది. ఇంట్లో ఉన్న రిసీవరు ఆ సంకేతం అందుకుని ఒక్క గీజరును మాత్రమే ఆపుతుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, టీవీ నడుస్తూనే ఉంటుంది. రద్దీ తగ్గాక మళ్ళీ కలుపుతారు. చాలాసార్లు ఆపిన సంగతే ఇంట్లోవాళ్ళకు తెలియదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వాళ్ళయితే దీన్ని బేరంలాగా పెట్టారు. టారిఫ్ 31 కింద రోజుకు కనీసం 8 గంటలు ఇస్తారు, బాగా చౌక. టారిఫ్ 33 కింద కనీసం 18 గంటలు, అంత చౌక కాదు. ఎంతసేపు ఆపుకోనిస్తే అంత తగ్గింపు.

ఇప్పుడు ఒక్కసారి విజయవాడ రండి.

నేను సత్యనారాయణపురంలో పుట్టి పెరిగినవాణ్ణి. నా బాల్యం, యౌవనం, ఇప్పుడీ మోకాళ్ళ నొప్పులూ మూడు మాటల మధ్య గడిచాయి: "ఎల్‌సీ తీసుకున్నారండీ" (లైన్ క్లియర్, అంటే రిపేరుకని లైను ఆపడం), "ఫీడరు ట్రిప్పయింది", "పైనుంచే లేదు". ఆ పైన అనేది ఎక్కడుందో ఇప్పటికీ అంతుపట్టలేదు. కరెంటు తయారయ్యేది చూస్తే 1979 నుంచీ మా పక్కనే ఇబ్రహీంపట్నంలో. అది మాకు పడమర, పైన కాదు. మొదట్లో దీన్ని కోత అనేవారు. తర్వాత ఎవరో పెద్దమనిషి హాలిడే అన్న మాట పట్టుకొచ్చాడు. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు వారానికో రోజు పవర్ హాలిడే ఇచ్చారు కదా, ఎవరూ పిక్నిక్‌కి వెళ్ళినట్టు లేదు.

అంటే తేడా ఎక్కడుందో చూడండి. వాళ్ళు గీజరు ఒక్కటే ఆపి, దానికి డబ్బు తగ్గిస్తారు. మనవాళ్ళు గీజరుతో పాటు ఫ్యాను, ఫ్రిజ్జు, లిఫ్టు, లిఫ్టులో ఉన్న మూడో అంతస్తు పిన్నిగారితో సహా ఆపి, పైసా తగ్గించరు. ఇన్నేళ్ళుగా మనం ప్రపంచంలోకెల్లా సమగ్రమైన కంట్రోల్డ్ సప్లయ్‌లో, అంటే వాళ్ళకు కావాల్సినప్పుడు ఆపుకునే కరెంటులో ఉండి, ఫుల్ రేటు కడుతూ వచ్చాం. ఈ వ్యాసం బకాయి వసూలు కోసం.

బకాయి ఏమిటి, ఎప్పటి కోతలో తవ్వుకోవడమేమిటి అంటారేమో. ట్రూఅప్ గుర్తుందా? 2014 నుంచి 2019 దాకా అయిన ఖర్చుకూ వసూలైన డబ్బుకూ తేడా వచ్చిందని, ఆ తేడాను 2022 నుంచి నెలనెలా మన బిల్లుల్లో వేశారు. 2016లో ఆ పోర్షన్లో ఎవరో అద్దెకుండి ఏసీ వేసుకుని హాయిగా నిద్రపోతే, 2022లో దిగినవాడు ఆ నిద్రకు డబ్బు కట్టాడు. నేను తప్పుపట్టడం లేదు. పాత లెక్కలు తీయడం మంచి అలవాటే, రెండు వైపులా తీస్తే.

పోనీ ఈ పద్ధతి మనకు చేతకాదు, మనవాళ్ళకు అంత క్రమశిక్షణ ఎక్కడిది అనేవాళ్ళున్నారు. వాళ్ళకు రెండు సాక్ష్యాలు చూపిస్తాను.

మొదటిది మా నాయనమ్మ. బ్రిటన్‌లో బీబీసీ లాంగ్‌వేవ్ రేడియో ప్రసారంలోనే చెవికి వినపడని సంకేతాలు కలిపి ఇళ్ళలో మీటర్లకు ఆదేశాలిచ్చేవారని చదివి నవ్వొచ్చింది. రాత్రి చౌక రేటు మొదలైంది, ఇక నీళ్ళు కాచుకోండి అని. మా ఇంట్లో ఈ పని ఆకాశవాణి విజయవాడ కేంద్రం చేసేది, రిసీవరు మా నాయనమ్మ. పెరట్లో రాగి కాగు, కింద కొబ్బరి మట్టలు. తెల్లవారుజామున ఒక్కసారే మంట పెట్టేది. భక్తిరంజని మొదలైతే తాతయ్య, అది పూర్తయ్యేలోగా నాన్న, ప్రాంతీయ వార్తలకు మేం పిల్లలం. చెంబెడు వేణ్ణీళ్ళు తీసినవాడు చెంబెడు చన్నీళ్ళు కాగులో పోసి రావాలి. పోయకుండా వస్తే మట్ట పుల్ల వీపుమీద విరిగేది, అదే పెనాల్టీ. మంట ఆరిపోయినా బూడిద కింద నిప్పు ఉండేది. మధ్యాహ్నం గిన్నెలు తోమే వేళకు కాగు పక్కన చేయి పెడితే ఇంకా గోరువెచ్చగా తగిలేది. న్యూజిలాండ్ సిలిండరులో ఇంతకన్నా ఏముంది? పైగా కాగు ఎప్పుడూ బిల్లు పంపలేదు.

రెండోది దీక్షలు. కార్తీకం వచ్చేసరికి ఈ ఊళ్ళో అయ్యప్ప మాలలు మొదలవుతాయి, వెనకాలే భవానీ దీక్షలు. 41 రోజులు, పూట పూటా, తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం. గీజర్లు గట్టిగా వాడే నెలలు కూడా సరిగ్గా అవే. ఇంట్లో ఒకరు మాల వేసుకుంటే, స్వామి చన్నీళ్ళు పోసుకుని వణుకుతూ వస్తుంటే, పక్కన మనం పొగలు కక్కే నీళ్ళు పోసుకుంటే ఏం బావుంటుందని మిగతావాళ్ళూ మొహమాటపడతారు. మీటరు లేదు, రిసీవరు లేదు, సంకేతం పైనుంచే వస్తుంది. ఈ ఒక్క సందర్భంలో "పైనుంచే" అన్నమాట నేను నమ్ముతాను.

సరే, ప్రభుత్వం ఊరికే కూర్చోలేదు, న్యాయంగా చెప్పుకోవాలి. 2023లో కేంద్రం నిబంధనలు సవరించింది. ఎండ కాసే సోలార్ గంటల్లో కరెంటు మామూలు రేటుకన్నా కనీసం 20 శాతం తక్కువకివ్వాలి, రద్దీ వేళ ఇళ్ళకు కనీసం 10 శాతం ఎక్కువ వేయాలి. వ్యవసాయం మినహా అందరికీ 2025 ఏప్రిల్ 1 లోగా, స్మార్ట్ మీటరు పెట్టాక. ఆలోచన చక్కనిదే. మిట్టమధ్యాహ్నం సోలార్ కరెంటు పొంగిపొర్లుతుంటే అప్పుడే నీళ్ళు కాచి దాచుకోమంటున్నారు.

లెక్క వేశాను. మా ఇంట్లో ఉన్నది 15 లీటర్ల గీజరు. నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 0.6 యూనిట్ పైచిలుకు. 226 నుంచి 400 యూనిట్ల స్లాబులో యూనిట్ ₹8.75 కాబట్టి అయిదు రూపాయల చిల్లర. అందులో 20 శాతం అంటే రూపాయి. ఆ రూపాయి కోసం మధ్యాహ్నం ఒంటిగంటకు కాచిన 15 లీటర్లను మర్నాడు ఉదయం ఆరింటిదాకా కాపాడాలి. ఇంట్లో నలుగురం. సాయంత్రం అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి మొహం కడుక్కునేసరికే సగం అయిపోతాయి. ఇక మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, వాళ్ళ దగ్గర దాచుకోవడానికి గిన్నెడు చోటు కూడా లేదు.

అసలు విషయం వేరే ఉంది. బెజవాడలో ఏ ఎండకు ఆ కరెంటు పొంగుతుందో, అదే ఎండకు మేడమీద నల్ల ట్యాంకు కూడా పొంగుతుంది. మే నెల మధ్యాహ్నం మా బాత్రూంలో చన్నీళ్ళ కుళాయి తిప్పితే చేయి కాలుతుంది. అప్పుడేం చేస్తామో బయటివాళ్ళకు చెబితే నమ్మరు. గీజరు ఆపేసి ముందురోజు రాత్రే నింపి ఉంచుతాం, స్నానానికి వేణ్ణీళ్ళ కుళాయి తిప్పుతాం. ఎర్ర గుర్తున్న కుళాయిలోంచి చల్లటి నీళ్ళు, నీలం గుర్తున్న దాంట్లోంచి పొగలు. మా ఇంటికి వచ్చిన చుట్టాలకు ముందే చెప్పి పంపిస్తాం. ఒకసారి చెప్పడం మరిచిపోతే మా బావగారు మధ్యలో కేకపెట్టి తువ్వాలుతో బయటికొచ్చారు. ఆరు నెలలు గీజరు, ఆరు నెలలు కూజా. ఈ ఉపకరణానికి ఏ టారిఫ్ వర్తిస్తుందో క్వీన్స్‌లాండ్ వాళ్ళు కూడా చెప్పలేరు.

అయినా పట్టు విడవకుండా అర్జీ రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. "అయ్యా, మా సర్వీసుకు ఇంతవరకు జరిగిన కోతలు, హాలిడేలు, ఎల్‌సీలు, ట్రిప్పులు అన్నిటినీ కంట్రోల్డ్ సప్లయ్‌గా పరిగణించి, టారిఫ్ 31 పద్ధతిలో తగ్గింపు లెక్కగట్టి, ట్రూడౌన్ పేరుతో 36 నెలసరి వాయిదాల్లో మా బిల్లుల్లో తీసివేయవలసిందిగా ప్రార్థన." గంటల లెక్కకు మా ఆవిడ పాత క్యాలెండర్లు సాయపడ్డాయి. పాలవాడి లెక్కల పక్కనే ఆమె కరెంటు పోయిన టైములు కూడా రాసిపెట్టుకుందని నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళకు తెలిసింది.

కౌంటర్లో కుర్రాడు ఓపిగ్గా నాలుగు పేజీలూ చదివాడు. నవ్వలేదు. "సర్వీసు నంబరు వేయలేదు సార్" అన్నాడు. వేశాను. ముద్ర కొట్టడానికి స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు. నెత్తిమీద ఫ్యాను నెమ్మదించి, కిర్రుమని ఆగింది. కంప్యూటరు తెర నల్లబడింది.

"ఎల్‌సీ తీసుకున్నారు సార్, అరగంట" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, నా కాగితాలు నావైపు తిప్పి, పెన్ను అందించాడు.

"ఇది కూడా కలుపుకుంటారా?"